పదమూడు వరకే

జూలై 9, మంగళవారం

వెనక గదిలో ఉన్నాను. నిన్న పొద్దున వచ్చాను. ఎల్లుండి తలస్నానం దాకా ఇక్కడే. చాప, కంచం, గ్లాసు, నేను. ఈ ఇంట్లో నాలుగింటినీ ఎవరూ ముట్టుకోరు. కలం పట్టుకోకూడదని అత్తయ్య చెప్పలేదు. గుర్తుకు రాక చెప్పి ఉండదు. గుర్తొచ్చేలోగా రాసుకుంటాను.

కాగితాలు అతనివి. మేడ మీద ఉన్న మెయిల్ సర్వర్ గురించి ప్రింటు తీశాడు, చదవకుండానే చెత్తబుట్టలో వేశాడు. ఒక పక్క చీమల్లాంటి ఇంగ్లీషు. రెండో పక్క తెలుపు. మొత్తం ఇరవై ఆరు.

అతను అంటే కళ్యాణ్. పేరు రాయబోతే చెయ్యి ఆగింది. అయినా రాశాను. ఏమీ కాలేదు.

ఇంజనీరింగు మూడో ఏడు వదిలేసి ఆమదాలవలస వచ్చేశాడు. కింద గోనె సంచుల దుకాణం బావగారిది, అంటే అతని అన్న ఆనంద్‌కుమార్‌ది. మేడ మీద మిషను ఇతనిది. రైసుమిల్లులు, కొట్లు, భావనపాడు రొయ్యల వాళ్లు, అందరూ కలిపి నలభై ఒక్కరి ఉత్తరాలు దాని కడుపులో ఉంటాయి. ఏసీ ఉన్న గది అదొక్కటే. దేవుడి గదిని ఆనుకుని ఉంది. మావయ్యగారు మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టారు.

రోజూ పొద్దున ఆరింటికి బ్యాకప్ తీయాలి. నల్ల డిస్కు తగిలించి, ఒక లైను కొట్టి, దీపం ఆడటం ఆగేదాకా కూర్చోవాలి. ఉత్తరాలన్నిటికీ నకలు తయారవుతుంది. అతను ఎనిమిదికి గానీ లేవడు, అందుకని నాకు నేర్పాడు. రెండుసార్లు తప్పు కొడితే నెత్తి మీద మొట్టాడు. మూడోసారి తప్పు కొట్టలేదు. గోడ మీద ఎరువుల కొట్టు క్యాలెండరులో, తీసిన రోజు గడిలో టిక్కు పెడతాను.

ప్రతి నెలా మూడు గడులు ఖాళీగా ఉంటాయి. ఎందుకని అతను ఇంతవరకూ అడగలేదు. నేను చెప్పలేదు. మగవాడికి ఏమని చెబుతాను?

జూలై 11, గురువారం

తలంటుకుని మేడెక్కాను. డిస్కు మీద మూడు రోజుల దుమ్ము. మూడు గడులు ఖాళీ. నిన్న వెనక మెట్ల మీద కాలు పెట్టి, గాలి కోసం, ఊరికే నిలబడ్డాను. అత్తయ్య పెరట్లోంచి చూసింది.

"ఒసే ఈశ్వరీ! ఎక్కడికే? ఆ మూడు రోజుల్లో పైన ఒక్క వస్తువు ముట్టుకున్నావని తెలిసిందా, గరివిడి బస్సెక్కించేస్తాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కవు."

గరివిడిలో మా నాన్నకు ఫ్యాక్టరీ గేటు దగ్గర చిన్న కిరాణా కొట్టు. ఒకటే గది. దాన్లోనే అమ్మ మంచం. అమ్మకు బాగోలేకే ఏడో తరగతితో నన్ను మాన్పించారు. ఇప్పుడు ఆ మంచం పక్కన నా చాప కూడా వేయడానికి చోటు లేదు. అది అత్తయ్యకు తెలుసు. అందుకే ఎప్పుడూ ఆ బస్సు పేరే చెబుతుంది.

నాకు కోపం లేదు.

జూలై 14, ఆదివారం

భోజనాల దగ్గర అన్నదమ్ములు అరుచుకున్నారు. ఉత్తరాలన్నీ సర్ది ఉంచే డేటాబేస్ గురించి. నాకు అర్థమైనంత వరకు అది గిడ్డంగి లాంటిది. మెయిల్ ప్రోగ్రాము ఆ గిడ్డంగి ముందు కూర్చున్న గుమస్తా. ఎవరి ఉత్తరం అడిగితే అది లోపలికెళ్లి తెచ్చి ఇస్తాడు. ఇప్పుడున్న గిడ్డంగి పేరు పదకొండు. కొత్తవి చాలా వచ్చాయట.

"పదకొండుకేటొచ్చింది? నడుస్తన్నాది కదా!" అన్నారు బావగారు. "నడుస్తన్న బండిని ఇప్పి సూసుకుంటావేటి?"

"దాన్ని తయారుసేసినోళ్లే వదిలేసినారన్నయ్యా. రేపు కన్నం పడితే పూడ్సీవోడు నేడు. పదహారు పెడతాను."

"పదహారు ఎవుడైనా పెట్టేడా ఈ ఊళ్లో?"

"ఈ ఊళ్లో పదకొండు మాత్రం ఎవుడెట్టేడు? నేనే కదా!"

మావయ్యగారు పప్పు కలుపుకుంటూ, "ఆషాఢంలో కొత్తదేటిరా? శ్రావణం రానీ. ముహూర్తం నేను సూస్తాను" అన్నారు. నగరేశ్వరరావు గారు పంచాంగం తీశారంటే అన్నదమ్ములిద్దరూ నోరు మూస్తారు.

నేను వడ్డిస్తున్నాను. ఈ కాగితం అప్పుడే నా మనసులో మెదిలింది. సరిగ్గా ఈ కాగితమే, దీని ముందు వైపు. మధ్యలో చిన్న గడి గీసి ఉంది. 11, 12, 13. ఆ తరవాత ఏమీ లేదు. పైన సపోర్టెడ్ అని ఉంది. ఆ మాట తెలుసు, ఎన్నికలప్పుడు వీధిలో అందరూ అనేదే. పదమూడు వరకే ఈ గుమస్తా వెంట నిలబడుతుంది. పద్నాలుగు లేదు, పదిహేను లేదు, పదహారు లేదు.

చెప్పలేదు. నెయ్యి వేశాను.

జూలై 17, బుధవారం

తొలి ఏకాదశి. అతను ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాను. మూడు రోజులు లోపల చెప్పుకుని చెప్పుకుని, చివరికి మూడే మాటలు వచ్చాయి. "కాగితంలో పదమూడు వరకే..."

అతను ఫోన్లోంచి తల ఎత్తలేదు. తరవాత ఎత్తాడు, నవ్వడానికి.

"ఏడో తరగతి సదివి నాకు వెర్షన్లు సెప్తావేటే? అది పాత కాయితం. పేలపిండి సేసినావా? అది సూసుకో."

కిందికెళ్లి అన్నకు చెప్పాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆదివారం అరుచుకున్న వాళ్లే. నా మీద నవ్వడానికి ఎంత ఐకమత్యమో.

పేలపిండిలో బెల్లం తక్కువ వేశాను. కావాలని కాదు.

జూలై 22, సోమవారం

ఇవాళ టిక్కు పెట్టాను. అంతే.

జూలై 26, శుక్రవారం

బుల్లమ్మ వచ్చింది. భావనపాడు నుంచి. చెరువుల దగ్గర రొయ్యలు కొని, ఐసు పెట్టెల్లో కంపెనీకి పంపుతుంది. ఆమె మెయిలు మా మిషన్లోనే ఉంటుంది. ఫోన్లో పాస్‌వర్డ్ పోయిందని మూడు నెలలకోసారి వస్తుంది. అత్తయ్య ఆమెను దుకాణం మెట్టు దాటనివ్వదు, నీచు వాసన అని. ఆమె ఖాతా కావాలి, ఆమె వద్దు. బుల్లమ్మ మాత్రం గోనె బేళ్ల మీద దర్జాగా కూర్చుని కాళ్లూపుతుంది.

మంచినీళ్లు ఇచ్చాను. అత్తయ్య స్టీలు గ్లాసులో వద్దని సైగ చేసింది. స్టీలు గ్లాసులోనే ఇచ్చాను. వేరే గ్లాసు కనిపించలేదు.

"ఏటే పిల్లా, మనిసివా, గోడవా? వచ్చిన కాడినుంచి ఒక్క మాట నేదు!"

నేను నవ్వాను కాబోలు.

"నవ్వుతాది గోడ!" అని బావగారితో చెప్పింది. "ఒరే ఆనందూ, వచ్చే నెల చెరువు పట్టి రొయ్య తీస్తాను. రొయ్యలో మందుల్లేవని టెస్టు కాయితం మెయిల్లో వస్తాది. అది సూపించకపోతే కంపెనీ గేటు తియ్యరు. నీ తమ్ముడి మిషను సరిగ్గా ఉన్నాదా?"

"రాయిలాగ ఉన్నాది పిన్నీ."

"రాయి వద్దు బాబూ. నడవాల."

ఆగస్టు 3, శనివారం

ముహూర్తం కుదిరింది. ఏడో తారీకు, శ్రావణ శుద్ధ తదియ, బుధవారం, పది ఇరవైకి. పదహారే. మావయ్యగారు కొబ్బరికాయ కూడా చెప్పి ఉంచారు.

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం.

వాళ్లు లెక్కపెట్టలేదు. పంచాంగంలో అన్నీ ఉంటాయి, నేను తప్ప.

ఆగస్టు 4, ఆదివారం

బ్యాకప్ తీశాను. టిక్కు.

అతను ఏదో వీడియో చూస్తూ తనలో తను మాట్లాడుకుంటున్నాడు. పదకొండులో ఉన్నదంతా పదహారుకి కాపీ చేయాలంటే మిషన్లో చోటు చాలదట. కాపీ లేకుండా, ఉన్న వస్తువులనే కొత్త గిడ్డంగికి రాసిచ్చేసే పద్ధతి ఒకటుందట. అలా చేస్తే మళ్లీ పదకొండు తలుపు తెరవడం కుదరదు. "తెరిసీ పనేటున్నాది?" అన్నాడు గోడతో.

గోడను నేనే.

ఆగస్టు 5, సోమవారం

కూర్చున్నాను.

ఆగస్టు 6, మంగళవారం

కూర్చున్నాను. దుకాణం ముందు బుల్లమ్మ గొంతు వినబడింది. కాగితం వచ్చేసిందట. ఫోన్లో పేరు కనిపించింది గానీ తెరవడం రాలేదట. ఎల్లుండి చెరువు పడతాను, ఆ రోజు వచ్చి ప్రింటు తీయించుకుంటాను అని బావగారితో చెబుతోంది.

బుధవారం నాటికి మూడు రోజుల ఉత్తరాలకు నకలు ఉండదు. నాకేం? మిషను నాది కాదు.

ఆగస్టు 7, బుధవారం, పొద్దున

ఏమీ ముట్టుకోలేదు. అత్తయ్య పూల కోసం బజారుకెళ్లింది, మావయ్యగారు స్నానంలో ఉన్నారు, అతను నిద్రపోతున్నాడు. నేను చాప మీదే ఉన్నాను. ఏమీ ముట్టుకోలేదు.

ఏమీ ముట్టుకోలేదని రాస్తున్నాను.

ఆగస్టు 7, మధ్యాహ్నం

పది ఇరవైకి కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. వెనక మెట్ల పైనుంచి అతని కేక.

"ఒసే, బ్యాకప్ ఉన్నాది కదా?"

గుర్తుందా అతనికి, నేను వెనక గదిలో ఉన్నానని? లేదు. నా నోట్లోంచి ఎప్పుడూ రానంత గట్టిగా వచ్చింది.

"ఉంది!"

పన్నెండుకి దుకాణంలో మొదటి ఫోను. ఒంటిగంటకు ఏడు. మెయిళ్లు రావడం లేదు, పోవడం లేదు. గుమస్తా తలుపు కొడుతున్నాడు, పదహారు తియ్యడం లేదు. పాస్‌వర్డ్ అడిగే పద్ధతి మారిపోయిందట. ఈ పాత గుమస్తాకి ఆ కొత్త పద్ధతి రాదు. అతను అన్నతో అరుస్తుంటే ఇక్కడికి వినబడింది.

పదమూడు వరకే.

నాకు సంతోషంగా లేదు.

ఆగస్టు 8, గురువారం

తలస్నానం చేసి వచ్చేసరికి నల్ల డిస్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా తిప్పి తిప్పి పదహారును కూడా లేవకుండా చేశాడట. పదకొండును తన చేత్తోనే తుడిచేశాడు. ఇప్పుడు మిగిలింది బ్యాకప్ ఒక్కటే.

"నాలుగో తారీకుది ఉన్నాది. ఐదు, ఆరు, ఏడు ఏవీ?"

తడి జుట్టు ముడి వేసుకున్నాను.

"ఉందన్నావు కదే! నోరు తెరిసి అబద్ధం సెప్పినావు కదే! నువ్వు ఉందన్నావనే కదా నేను నొక్కినాను! నలభై ఒక్క మందికి మూడు రోజుల ఉత్తరాలు ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

"సోమవారం నుంచీ అది వెనక గదిలో ఉన్నాదిరా" అంది అత్తయ్య, బియ్యం ఏరుతూ. "తియ్యకూడదు కదా."

అతని ముఖం ఎర్రబడింది. తప్పు తనదని అప్పుడు తెలిసింది. తెలిసిన వెంటనే ఇంకా గట్టిగా అరిచాడు.

"అయితే నేదని సెప్పొచ్చు కదా! ఉందని ఎందుకన్నావు?"

"అబద్ధాల నోరు" అంది అత్తయ్య. కన్యాకుమారమ్మ గారు ఒక మాట అన్నారంటే సాయంత్రానికి వీధి చివర వరకూ అదే నా పేరు.

నేను అబద్ధం చెప్పలేదు. జవాబు నోటి చివరి వరకూ వచ్చింది. దాని వెనకే గరివిడి బస్సు వచ్చి ఆగింది.

ఆగస్టు 9, శుక్రవారం

బుల్లమ్మ వచ్చింది. ఈసారి బేళ్ల మీద కూర్చోలేదు. నిన్న చెరువు పట్టేశారు. పెట్టెలు ఐసులో ఉన్నాయి.

"ల్యాబోడికి ఫోను సేసినాను. రాసిచ్చిన మెయిలుకే పంపుతాడంట. పంపితే తిరిగొచ్చేస్తన్నాదంట. ఏటి సేసినావురా కళ్యాణూ, నా కాయితాన్ని?"

"సేస్తన్నాను పిన్నీ. రేపటికి..."

"రేపటికి! ఐసు మీద ఐసు ఏస్తన్నాను. నీ మిషనుకి ముహూర్తం ఉన్నాది బాబూ, రొయ్యకి నేదు."

బావగారు ఆదివారం నాటి నకలే పెట్టేయమన్నారు. ఇతను ఒప్పుకోలేదు. మూడు రోజులు పోయాయంటే ఊళ్లో తలెత్తుకోలేడట. పెట్టినా పదహారులోనే పెడతాడట, పదహారు అన్నాక పదహారే అట. అతనికి ఉత్తరాల బాధ కాదు, అంకె బాధ.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అతని గొంతు పీలగా ఉంది. ఇంకా రెండు రోజులు అలాగే ఉండనీ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇది రాసేటప్పుడైనా అబద్ధాల నోరు కాకూడదు.

అందుకని ఇదీ రాస్తాను. బుధవారం పొద్దున ఆరుంబావుకి వెనక మెట్లెక్కాను. ఈ చేత్తోనే తలుపు తీశాను. నల్ల డిస్కులో నకలు తీస్తే అతనికి తెలుస్తుందని, పనికిరాదని అతను బీరువా కింద పడేసిన పాత డిస్కు, ఎర్ర టేపు చుట్టినది, తగిలించాను. లైను కొట్టాను. దీపం ఆగేదాకా ఇరవై నిమిషాలు నేల మీద కూర్చున్నాను. పక్క గదిలో దేవుడున్నాడు. ఏమీ అనలేదు.

ఎందుకు తీశానో తెలియదు. ఇల్లు బాగుండాలని కాదు. మూడు గడులు ఖాళీగా ఉండడం నాకిష్టం లేదు.

డిస్కు వెనక గదిలో, నేను ఆ మూడు రోజులూ వాడే బట్టల మూటలో ఉంది. ఈ ఇంట్లో అంతకంటే మంచి బీరువా లేదు. నేను చచ్చిపోయినా దాన్ని ఎవరూ విప్పరు.

అది ఇస్తే నేను ఆ రోజుల్లో ముట్టుకున్నానని తెలిసిపోతుంది. ఇవ్వకపోతే బుల్లమ్మ రొయ్యలు కుళ్లిపోతాయి. ఆవిడ నన్నేమీ అనలేదు, గోడ అనడం తప్ప. గోడతో మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

ఆగస్టు 10, శనివారం

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాయాలి.

పది గంటలకు బుల్లమ్మ వచ్చింది. మెట్టు దాటి లోపలికి వచ్చేసింది. అత్తయ్య ముక్కుకి కొంగు పెట్టుకుంది.

"ఇయ్యాల సాయంత్రానికి కాయితం నేకపోతే పెట్టెలు తెచ్చి మీ దుకాణం ముందరే బోర్లించేస్తాను. మీ దేవుడి గది దాకా కొడతాది కంపు!"

బావగారు తమ్ముణ్ణి తిడుతున్నారు. తమ్ముడు నన్ను తిడుతున్నాడు. "దీనివల్లే ఇదంతా! ఉందని అబద్ధమాడింది!"

"నా దగ్గర ఉంది" అన్నాను. ఎవరికీ వినబడలేదు. నాకూ సరిగ్గా వినబడలేదు.

"ఆగండెహె మగోళ్లు!" అంది బుల్లమ్మ. "కోడలేటో అంటన్నాది."

అందరూ నా వైపు తిరిగారు. గోడకు ఆనుకున్నాను.

"బుధవారం పొద్దునది ఉంది. నా దగ్గర ఉంది."

అతని ముఖంలో ముందు సంతోషం వచ్చింది. చూడటానికి అసహ్యంగా ఉంది. అత్తయ్య వేళ్లు మడుస్తోంది. సోమవారం, మంగళవారం.

"బుధవారమంటే మూడో రోజు."

"అవునత్తయ్యా."

"ఆ ఒంటితో ఎక్కేవా మెట్లు? దేవుడి గది పక్కన?"

"అవునత్తయ్యా."

"అందుకే సెడింది! అందుకే సెడింది మిషను! ముట్టు తగిలి సెడింది!"

"నేను ముట్టుకున్నాక నాలుగు గంటలు బాగానే నడిచింది" అన్నాను. "పదహారు పెట్టాకే ఆగింది."

ఇంత పొడుగు మాట ఈ ఇంట్లో నేను అనడం ఇదే మొదలు. బుల్లమ్మ పగలబడి నవ్వింది.

"ముట్టేటే తల్లీ! మా అమ్మ, నేను, నా కూతురు ఆ మూడ్రోజులూ గంప దించితే సముద్రం తెచ్చి నోట్లో పెడతాదేటి? ఆ సేతుల్తో పట్టిన రొయ్యే కదా ఇస్తరేసుకుని తింటన్నారు ఊరోళ్లు!"

"మేం తినం" అంది అత్తయ్య.

"మీరు తినరు. మా కాయితాలు మోస్తారు. రెంటికీ ఒకటే వాసన."

అతను చెయ్యి చాపాడు. "ఎక్కడ డిస్కు? ఇలా తే."

"పదమూడు పెడితే ఇస్తాను."

"ఏటీ?"

"మళ్లీ పదహారు పెడితే మళ్లీ అదే అవుతుంది. పదమూడు పెట్టండి."

"నువ్వు నాకు..." అని లేచాడు. బుల్లమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. గంప మోసిన మెడ. అతను ఆగిపోయాడు.

"ఎక్కడున్నాది పదమూడని? సూపించు!"

నేను వెనక గదిలోకి వెళ్లి ఒక కాగితం తెచ్చాను. జూలై 14 కాగితం. ముందు వైపు గడి, 11, 12, 13. వెనక వైపు నేను రాసుకున్నదంతా. అతని చేతికి ఇచ్చాను. అతను చదివాడు. పెదాలు కదిలాయి. ఇంకోసారి చదివాడు. నేను అతని బొటనవేలినే చూస్తున్నాను.

వెనక్కి తిప్పలేదు. దేన్నీ వెనక్కి తిప్పి చూసే మనిషి కాదు. అది తెలిసే ఇచ్చాను కాబోలు. కాదు, తెలియదు. భయపడ్డాను.

"సరే" అన్నాడు, కాగితం నా చేతిలో పెట్టి. "పదమూడు."

"ఎక్కడుందో సెప్పమ్మా, నే తెస్తాను" అన్నారు బావగారు తొందరగా.

"వెనక గదిలో. ఆ బట్టల మూటలో."

బావగారు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. అతను కదల్లేదు. మావయ్యగారు గోడ మీద పంచాంగం కేసి చూశారు. ఇంట్లో ముగ్గురు మగవాళ్లు. నలభై ఒక్క మంది ఉత్తరాలు ఒక పాతచీర ముడిలో ఉన్నాయి. ఒక్కరూ వెళ్లలేదు.

నేనే తెచ్చాను.

ఆగస్టు 11, ఆదివారం

నిన్న సాయంత్రం నాలుగున్నరకు పదమూడు లేచింది. గుమస్తా ఒక్కసారి తట్టగానే తలుపు తెరుచుకుంది. బుధవారం ఆరుంబావు తరవాత వచ్చిన నాలుగు గంటలవీ పోయాయి, మిగతావన్నీ ఉన్నాయి. బుల్లమ్మ కాగితం మంగళవారంది, ప్రింటు తీసి ఇచ్చాను. అది పట్టుకుని, మెట్టు దిగుతూ, "గోడకి నోరొచ్చిందిరో!" అని స్టేషను రోడ్డంతా వినేలా అరిచింది.

అతను నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "ఆలోచించి పదమూడే మంచిదని నిర్ణయించినాను."

నాకు కోపం లేదు అని రాయబోయాను. ఉంది.

ఆగస్టు 12, సోమవారం

అత్తయ్య పొద్దున్నే నా బట్టలు సంచిలో పెట్టి గుమ్మంలో ఉంచింది. తొమ్మిదింటికి బస్సు ఉందట.

అతను ఆ సంచిని చూసి లోపలికి వెళ్లిపోయాడు. తల్లికి వద్దని చెప్పలేదు, నాకు వెళ్లమనీ చెప్పలేదు. మావయ్యగారే అన్నారు, "అది ఎల్తే పొద్దున్న ఆరింటికి మిషను దగ్గర ఎవరు కూకుంటారు? వీడు లేస్తాడా? నువ్వు కొడతావా ఆ లైను?" నా మీద దయతో కాదు. నిన్నటి నుంచి మిల్లుల వాళ్లు ఫోను చేసి, కోడలు ఉందా, మా ఉత్తరాలు సూడమనండి, అని అడుగుతున్నారు.

అత్తయ్య సంచిని గుమ్మంలోంచి పక్కకు జరిపింది. తరవాత, "అయితే అది ముట్టిన మిషను నా దేవుడి పక్కన ఉండడానికి వీల్లేదు. దాన్నీ దీన్నీ ఒకే దగ్గర పెట్టండి" అంది.

మిషనుకి శుద్ధి చేస్తానని పసుపు నీళ్ల చెంబు పట్టుకుని ఆవిడ మేడెక్కబోతే, అది తడుస్తుందని అతను మెట్ల మీద అడ్డంగా పడుకున్నంత పని చేశాడు.

మధ్యాహ్నం కరెంటతను వచ్చాడు. సాయంత్రానికి మిషను, బల్ల, ఏసీ, అన్నీ వెనక గదికి దిగిపోయాయి. క్యాలెండరు నేను మోసుకొచ్చాను. చాపకు చోటు తగ్గింది. గది చల్లగా ఉంది.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. తోరం కట్టించుకోవడానికి అత్తయ్య నన్ను చివర పిలిచింది. ముడి వేసేటప్పుడు వేలు తగలకుండా వేసింది. టిక్కు.

సెప్టెంబరు 3, మంగళవారం

ఇదే చివరి కాగితం. ఇరవై ఆరోది.

నిన్నటి నుంచి కూర్చున్నాను. చాప, కంచం, గ్లాసు, నేను, మిషను. ఇప్పుడు అయిదు. నిన్న టిక్కు పెట్టాను, ఇవాళ పెట్టాను, రేపు పెడతాను. తియ్యమని ఎవరూ అనలేదు. తియ్యొద్దని చెప్పడానికి అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది. మిషను ఎక్కడుందో చూసింది. ఎక్కడ పెట్టమందో గుర్తొచ్చింది. వెళ్లిపోయింది.

పదకొండింటికి అతను వచ్చాడు. రైసుమిల్లు వాళ్లకు మెయిలు ఆగిందట, వెంటనే ఒక లైను కొట్టాలట. గుమ్మం లోపల అడుగు పెడితే తలస్నానం చేయాలి. జలుబు చేసి ఉంది, అత్తయ్య పెరట్లోంచి చూస్తోంది. చెప్పులు విప్పుకుని, విప్పి ఏం చేయాలో తెలియక, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నేను సెప్తాను, నువ్వు కొట్టు" అన్నాడు.

బల్ల దగ్గరికి జరిగాను. అతను మెడ చాచి ఒక్కో అక్షరం చెప్పాడు.

"వినబడలేదండీ. గట్టిగా చెప్పండి" అన్నాను.

మళ్లీ చెప్పాడు. పెరట్లో అత్తయ్య, దుకాణంలో బావగారు కూడా వినేంత గట్టిగా.

"ఇంకోసారి."

మూడుసార్లు చెప్పించాను. మొదటిసారే వినబడింది.